పన్నెండు తెల్లగవ్వలు

మా నాన్న పోయిన అయిదో రోజున, పెద్దకర్మకి ఎవరెవరికి కబురు చెప్పాలో అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఒక వేలు దగ్గర ఆగిపోయింది. "మల్కాపురంలో సత్తెమ్మకి ఎవులు సెప్తారు?" అంది. ఇంటి నిండా జనం ఉన్నారు, తలా ఒక పని చూసుకుని లేచారు. సత్తెమ్మ మా అమ్మకి సొంత చెల్లెలు, నాకు పిన్ని. మా పేట నుంచి మల్కాపురం ఎంత దూరమని, రెండు బస్సులు మారితే గంట. ఆ గంట దూరం ఇరవై ఏళ్ళ పైబడి మాలో ఎవరూ దాటలేదనే అందరం అనుకునేవాళ్ళం. ఎందుకు దాటలేదంటే నాకు సరిగ్గా చెప్పడం రాదు. పాతికేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి బతికినదాన్ని, ఈ ఒక్క లెక్క మాత్రం ఎటు నుంచి కూడినా నాకు తేలలేదు. చివరికి నేనే వెళ్తానన్నాను. అన్నాక నా మీద నాకే కోపం వచ్చింది, ఏ మొహం పెట్టుకుని వెళ్తానని.

మాది హార్బరు గోడని ఆనుకున్న చేపల పేట. ఒక పక్క సముద్రం, ఒక పక్క గోడ, ఆ గోడ అవతల ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి గుట్టలు. గాలి అటు నుంచి కొడితే ఉతికి ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. ఇటు నుంచి కొడితే ఎండుచేపల వాసన. రెండూ లేని రోజు మా నాయనమ్మ, "ఈయేల గాలి సచ్చిపోనాది" అని చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి పెట్టుకుని కూర్చునేది. తెల్లారగట్ల పడవలు ఒడ్డుకొచ్చేవి. ఆడవాళ్ళు గంపలతో చుట్టూ నిలబడి పాట పాడి చేప కొనుక్కునేవారు. పాట అంటే వేలం, మా దగ్గర అలాగే అంటారు. పాట అయ్యాక ఎవరి గంప వాళ్ళు నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కో, హార్బరు క్వార్టర్ల వైపో పోయేవారు. మగవాళ్ళు వలల పాకలో చేరి చిరుగులు కుట్టుకునేవారు. పేటలో తగువేదైనా వస్తే ఆ పాకలోనే తీరేది. పోలీసు స్టేషను అర మైలు లేదు, అయినా అటు పోవడం మాకు నామోషీ.

తగువు తీర్చే పెద్దలు ముగ్గురు. అందులో మా నాన్న ఒకడు. తీర్పు ఉన్న రోజు ఆయన వాలకమే వేరు. తలారా స్నానం చేసేవాడు, ఇస్త్రీ లేని చొక్కా అయినా ఉతికినదే తొడుక్కునేవాడు, తీర్పు చెప్పేదాకా చుట్ట ముట్టేవాడు కాదు. "సుట్ట మీద ధ్యాసతోటే తొందరగా తేల్సీస్తాడు మీ నాన్న" అని అమ్మ ఎగతాళి చేసేది. నిజానికి తొందరేం ఉండేది కాదు. ఇద్దరి మాటా విని, సాక్షుల్ని విని, ముగ్గురూ పక్కకెళ్ళి మాట్లాడుకుని, వచ్చి అందరి ముందూ ఒకరు నోరు విప్పి చెప్పేవారు, ఫలానా వాడిది తప్పు, శిక్ష ఇది అని. ఎవరు నోరు విప్పితే తీర్పు వారిదే.

అసలు విషయం ఆ మర్నాడు ఉండేది. తీర్పు చెప్పిన పెద్దమనిషి, పాట అయిపోయి ఎండెక్కాక, పేటంతా చూస్తుండగా శిక్ష పడ్డవాడి ఇంటికి నడిచి వెళ్ళేవాడు. గడప మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు. వాళ్ళు చెంబుతో ఇచ్చేవారు. తాగి, పిల్లలెలా ఉన్నారో, వల ఎంతవరకు వచ్చిందో అడిగి లేచి వచ్చేసేవాడు. దాన్ని గడప నీళ్ళు అనేవాళ్ళం. అది అయ్యాక ఆ తప్పు గురించి ఎవరూ నోరెత్తకూడదు, పెళ్ళాం మొగుడితో దెబ్బలాడుతూ కూడా ఎత్తకూడదు. ఒకసారి ఒకాయన కోపంతో చెంబు విసిరేశాడు. నాన్న లేచి, చెంబు తీసి, ఇసక దులిపి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చి, దాహమేస్తోంది అన్నాడు. ఆయన ఏడ్చుకుంటూ లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చాడు. ఇంటికొచ్చాక నాన్న చుట్ట ముట్టించి, "శిచ్చేసినోడే దప్పికన్నాక ఇంకెవులికి కోపముంటాది" అన్నాడు. అప్పుడు నాకది పెద్ద గొప్పగా అనిపించలేదు. ఇళ్ళల్లో రోజూ జరిగేవి గొప్పగా అనిపించవు కదా.

నేను డిగ్రీ పూర్తి చేసి, పట్నంలోని పాత ఊళ్ళో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుగా చేరిన ఏడాది ఆ గొడవ వచ్చింది. ఓడలు వచ్చిపోయే కాలవలో వల వెయ్యకూడదని ఎప్పటి నుంచో నిషేధం. చేప ఉండేది అక్కడే కాబట్టి మావాళ్ళు వేసేవారు. ఒక తెల్లవారుజామున హార్బరు కాపలా వాళ్ళు సరిగ్గా అక్కడే, సరిగ్గా ఆ వేళకే కాచుకుని ఉండి, మూడు పడవలు వలలతో సహా పట్టుకుపోయారు. ఎవరో చెప్పకపోతే ఎలా తెలుస్తుంది అని పేట అట్టుడికిపోయింది. పిన్ని ఆ కాపలా వాళ్ళ క్వార్టర్లలోనే గంప తిప్పేది. బాబాయి సముద్రంలో పోయాక ఆ గంప మీదే కూతుర్ని పెంచింది. పిన్నికి నోరు జాస్తి, అందరితో పరాచికాలే. ఆ వారంలో మూడు రోజులు గేటు దగ్గర కాపలా మనిషితో మాట్లాడుతూ ఉండగా చూశామని ఇద్దరు ముగ్గురు అన్నారు. అనడం ఎందుకు, నేనూ చూశాను. బడికి పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. ఆకు బొట్టలో చేప పెట్టి వాడి చేతికిచ్చి నవ్వుతోంది. ఆ నవ్వు పిన్ని ఎవరితో మాట్లాడినా నవ్వేదే. అయినా అది నా కళ్ళలో ఉండిపోయింది.

పిన్నిని పాకకి పిలిచారు. నాకేం తెలీదు, గంగాలమ్మ తోడు అంది. తీర్పెవరు చెప్పాలి? మా నాన్నకి స్వయానా మరదలు. రెండో పెద్దాయన పడవ పట్టుకుపోయిన మూడింటిలో ఒకటి. మూడో ఆయనకి చెవుడు, ఆయన ఇంకా పాత వలల తగువు గురించే మాట్లాడుతున్నాడు. జనం నవ్వారు, తరువాత కేకలేశారు. సరిగ్గా అప్పుడే మా నూకరాజు బావ లేచాడు. మా మేనత్త కొడుకు, పేటలో స్టీలు ప్లాంటు ఉద్యోగం సంపాదించిన మొదటివాడు. నీలం చొక్కా, స్కూటరు, మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకోవడం. యూనియను ఎన్నికలు దగ్గరుండి చూసినవాడు. "మొకం సూసి తీర్పు సెప్తే మొగమాటమొస్తాది మావా. ఎవులేటనుకున్నారో ఎవులికీ తెలీకుండా తేల్సాల" అన్నాడు. పడవకి ఒక మనిషి చొప్పున పన్నెండు పడవలకి పన్నెండు మంది, ఆడామగా తేడా లేదు, ఒక్కొక్కరికి ఒక తెల్లగవ్వ, ఒక నల్లరాయి. తప్పు లేదనుకుంటే గవ్వ, ఉందనుకుంటే రాయి, గుడ్డ కప్పిన కుండలో వెయ్యాలి. చేతిలో మిగిలింది గుప్పెట తెరవకుండా తీసుకెళ్ళి సముద్రంలో పారెయ్యాలి. ఏవి ఎక్కువుంటే అదే తీర్పు. ఎన్నెన్ని వచ్చాయో మాత్రం చెప్పకూడదు, చెబితే మళ్ళీ ఎవరెవరా అని ఆరాలు మొదలవుతాయి.

ఎంత బాగుందో ఆ మాట. నాకైతే ఒళ్ళు పులకరించింది, చదువుకున్నదాన్ని కదా. చుట్టాల్ని ఆ పన్నెండు మందిలోంచి తీసెయ్యాలని ఎవరో అంటే నాన్న, చుట్టాల్ని తీసేస్తే పేటలో మేకలు తప్ప ఎవరూ మిగలరు అన్నాడు. అదీ నిజమే, మేమంతా ఒకరికొకరం చుట్టాలమే. గవ్వ పడితే ఒక చప్పుడు, రాయి పడితే ఒక చప్పుడు వస్తుంది, కుండ అడుగున ఇసక పొయ్యండి అని చెప్పింది కూడా నాన్నే. అంత జాగ్రత్తగా ఆలోచించినవాడికి గడప నీళ్ళ సంగతి తట్టలేదు. నూకరాజు బావకి తట్టలేదు. పేట మొత్తం మీద ఒక్కరికి తట్టలేదు. తీర్పు ఎవరిదో తెలియకుండా దాచడానికి రెండు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నామే గానీ, మర్నాడు ఆ ఇంటికి ఎవరు నడవాలని ఎవరం అనుకోలేదు. అలాంటి పొరపాటు మావాళ్ళే చెయ్యగలరు.

మా పడవ తరఫున నాన్న పెద్దమనిషి కాబట్టి కుదరదు. తమ్ముడు ట్రాలరు మీద పారాదీప్ పోయాడు. అమ్మ, "నా సెల్లి మీద నేనా? నన్నొగ్గీండి" అని లోపలికి పోయింది. మిగిలింది నేను. ఎడం చేతిలో గవ్వ, కుడి చేతిలో రాయి పట్టుకుని వరసలో నిలబడ్డాను. పిన్ని పాక గుంజకి ఆనుకుని మమ్మల్నందరినీ చూస్తోంది, నన్ను ప్రత్యేకంగా ఏమీ చూడలేదు. కుండలో చెయ్యి పెట్టినప్పుడు ఆ బస్సు కిటికీ గుర్తొచ్చింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిన మాట నిజం. గవ్వే వేశాను. నమ్మి వేశానా, పిన్ని కాబట్టి వేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. రాయిని గుప్పెట్లో పట్టుకుని అందరితో పాటు నీళ్ళ దాకా నడిచి విసిరేశాను. పన్నెండు మందిమీ వరసగా నిలబడి ఏదో పండగ చేసినట్టు విసిరాం.

నూకరాజు బావ కుండ పాక వెనక్కి పట్టుకెళ్ళి ఒక్కడే చూశాడు. వచ్చి గొంతు సవరించుకుని, తప్పు ఉందని తేలింది అన్నాడు. మూడు నెలలు పిన్ని ఒడ్డున పాట పాడకూడదు, అదీ శిక్ష. కుండలోవి అప్పుడే సముద్రంలో కలిపేశాడు. పిన్ని ఏడవలేదు. మా పన్నెండు మంది మొహాలూ ఒకదాని తరువాత ఒకటి చూసుకుంటూ వచ్చి, సరే అని తల ఊపి ఇంటికి పోయింది.  అయినా మూడు నెలలే కదా, నేను జీతం మీద సాయం చేస్తాను అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పిన్ని వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఇత్తడి చెంబు చింతపండుతో తోమి నీళ్ళు నింపి గడప పక్కన పెట్టుకుని కూర్చుంది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే, మా వసారాలోంచి కనబడేది. అప్పుడు తట్టింది నాకు. నేనే కాదు, ఆ క్షణానికి పేటలో అందరికీ తట్టినట్టుంది, ఎక్కడి వాళ్ళు అక్కడ గుమ్మాల్లో నిలబడిపోయారు. నేను వెళ్దామని చెప్పులు వేసుకున్నాను. వేసుకుని ఆగిపోయాను. ఇప్పుడు ఆ గడప మీద కూర్చుని నీళ్ళు తాగితే, నల్లది నేనే వేశానని ఒప్పుకున్నట్టే కదా. అమ్మ ఏమనుకుంటుంది? పిన్నే ఏమనుకుంటుంది? నేను వెయ్యలేదే! వేసినవాళ్ళు వెళ్ళాలి. వేసినవాళ్ళు వెళ్తే తామే వేశామని తెలిసిపోతుంది, తెలియకూడదనే కదా ఇదంతా చేసింది. చెప్పులు విప్పాను, మళ్ళీ వేసుకున్నాను. బడికి వేళయింది. బడికి పోయాను, ఆ దారినే కాదు, వెనక సందులోంచి పోయాను. సాయంత్రం వచ్చేసరికి చెంబు అక్కడే ఉంది, పిన్ని లోపలికి పోయింది.

నాన్న ఆ రోజు నాలుగుసార్లు వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "తీర్పు నాది కాదు. నాను తాగితే అది తాగినట్టవదు" అన్నాడు అమ్మతో. ఆయన అలా తెల్లబోవడం నేనెప్పుడూ చూడలేదు. నూకరాజు బావ మొదట అదంతా పాత చాదస్తం, ఇప్పుడు అవసరం లేదన్నాడు. రెండో రోజు చెంబు మళ్ళీ గడప మీదికి వచ్చేసరికి ఆయనే దారి వెతకడం మొదలెట్టాడు. పన్నెండు మందినీ మా వసారాకి పిలిచి, అందరూ కలిసి వెళ్ళండి, అప్పుడు ఎవరిదీ బయటపడదు అన్నాడు. దానికి ఒకామె, నేను తెల్లగవ్వే వేశాను, నేనెందుకు వెళ్తాను అంది. ఇంకొకాయన నేనూ తెల్లదే అన్నాడు. వరసన అందరూ అలాగే అన్నారు. పడవలు పోయిన మూడిళ్ళవాళ్ళు కూడా, దేవుడి మీద ఒట్టేసి, తెల్లదే అన్నారు. నా వంతు వచ్చేసరికి నా మాట నాకే అబద్ధంలా వినబడింది. పన్నెండూ తెల్లవే. మరి కుండలో నల్లవి ఎక్కడ నుంచి వచ్చాయి? బావ తల పట్టుకున్నాడు. ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

మూడో రోజు చెంబు కనబడలేదు. ఆ తరువాత అసలు గొడవ మొదలయింది. పిన్ని గుమ్మం ముందు ఆగి పలకరిస్తే నల్లరాయి వేసినవాళ్ళ కింద లెక్క. అందుకని ఆమెని నిజంగా ఇష్టపడేవాళ్ళే ముందు మొహం చాటేశారు. అందులో నేనూ ఉన్నాను, కాదనను. వెలివెయ్యమని ఎవరూ అనలేదు, ఎవరికీ ఆ ఉద్దేశం లేదు, కానీ వెలి అయిపోయింది. మూడు నెలల శిక్ష అయిపోయిన రోజున ఆమె గంప పట్టుకుని ఒడ్డుకొచ్చి పాటలో నిలబడింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పక్కన నిలబడలేదు కూడా. పాట పాడకుండానే వెనక్కి పోయి, ఆ వారమే ఇంటికి తాళమేసి, మల్కాపురంలో కూతురు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయిల్ కంపెనీ వైపు వీధుల్లో గంప తిప్పుతోందని ఎవరో అంటే విన్నాం.

ఆ కుండని ఇంకో రెండు తగువులకి వాడారు. రెండోసారి ఆరూ ఆరూ వచ్చాయట, బావకి ఏం చెప్పాలో తెలీక రెండు రోజులు డ్యూటీ పేరుతో ప్లాంటులోనే ఉండిపోయాడు. తరువాత జనం స్టేషనుకి పోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు మా పేటలో ప్రతి నాలుగో ఇంట్లో వాయిదా కాగితం ఉంటుంది. జడ్జిగారు ఎవరో తెలీదు, ఆయన వచ్చి నీళ్ళు అడుగుతాడని ఎవరూ అనుకోరు, అడగలేదని బాధా లేదు. పాతదే బాగుండేదా అని మా పిల్లలు అడుగుతారు. ఏం చెప్పను? పాత పద్ధతిలోనే అయితే రెండో పెద్దాయన తన పడవ పోయిన కసితో తీర్పు చెప్పి, మర్నాడు దర్జాగా వచ్చి నీళ్ళు తాగి ఉండేవాడు. అన్యాయమే జరిగేది. పిన్ని మాత్రం పేటలో ఉండేది. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం ఇప్పటికీ రాదు.

మల్కాపురంలో ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. పిన్ని గుమ్మంలోనే మంచం మీద ఉంది. బాగా పెద్దదైపోయింది, కానీ ఆ నోరు అదే. "ఓలమ్మ, పైడీ, లావయిపోనావేటే" అంది. నాన్న సంగతి చెప్పాను. బావా, బావా అని చాలాసేపు ఏడ్చింది. కోడలు టీ పెట్టింది అనబోయాను, కోడలు కాదు, మనవరాలు, కూతురి కూతురు. నేను గుర్తుపట్టలేదు, తప్పు నాది. పెద్దకర్మకి రా పిన్నీ అన్నాను. ఆమె వీధి వైపు తిరిగి కూర్చుంది. బస్సులో ఉన్నంతసేపూ ఏం అనుకున్నానో తెలీదు గానీ, ఆమె అలా తిరిగేసరికి ఇన్నేళ్ళ మాట నోట్లోంచి ఊడిపడింది.

"పిన్నీ, ఆ రోజు నాను తెల్లగవ్వే యేసినాను" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. కళ్ళు తుడుచుకుని, చిన్నగా నవ్వి, "నువ్వు తొమ్మిదోదానివి" అంది. అర్థం కాలేదు నాకు. అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక్కొక్కరే వచ్చారట, ఆసుపత్రి పని అనీ, పెళ్ళి పిలుపనీ, ఈ దారిన పోతూ ఆగామనీ. ఎనిమిది మంది. ఒకరికి తెలీకుండా ఒకరు. అందరూ అదే మాట చెప్పి, బరువు దించుకుని పోయారట. నేను కూర్చున్నచోటే లెక్క వేసుకున్నాను. పన్నెండులో తొమ్మిది తెల్లవైతే తీర్పు అలా రాకూడదు. ఈ తొమ్మిది మందిలో కొందరైనా అబద్ధం చెప్పి ఉండాలి, లేదా ఆ రోజు పాక వెనక నూకరాజు బావ అబద్ధం చెప్పి ఉండాలి. బావ పోయి నాలుగేళ్ళయింది. మరి ఎవరై ఉంటారు పిన్నీ, నీకేమనిపిస్తోంది అని అడిగాను. ఆ కబురు కాపలా వాళ్ళకి నువ్వు చెప్పావా అని మాత్రం అడగలేదు. ఆమె చెయ్యి విసిరేసింది.

"తెల్లదో నల్లదో నాకేటికే ఇప్పుడు. తొమ్మండుగురూ తెల్లదనే వొచ్చినారు. నల్లది నాను యేసినాను సత్తెమ్మా అని ఒక్కరు, ఒక్కరొచ్చి సెప్పుంటే, ఆళ్ళకి సెంబుడు నీల్లిచ్చీసి, ఆ సాయంత్రమే నా ఇంటికి నాను వొచ్చీసుందును."

నల్లది వేసింది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ అప్పటికే నిజం చెప్పేశాను.